రహీం సాబ్: హైదరాబాద్ బడిపంతులు, భారత ఫుట్‌బాల్ గురువు

సయ్యద్ అబ్దుల్ రహీం (17 ఆగస్టు 1909 – 11 జూన్ 1963) హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు, ఫుట్‌బాల్ కోచ్. 1950 నుంచి కన్నుమూసే దాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆ కాలంలోనే, మధ్యమధ్య విరామాలతో, భారత జట్టుకూ శిక్షణ ఇచ్చారు. ఆయన చేతికింద భారత్ 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఎత్తుకు భారత ఫుట్‌బాల్ మళ్లీ చేరలేదు. ఆటగాళ్లూ ఊరివాళ్లూ ఆయనను రహీం సాబ్ అనే పిలిచేవారు. ఈ వ్యాసంలోనూ ఆ పిలుపే సబబు.

రావిర్యాల, తుక్కుగూడల వైపు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని నగరంలోకి వస్తుంటే పహాడీషరీఫ్ దాటాక బార్కస్ వస్తుంది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్‌లు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. తరతరాలుగా ఫుట్‌బాల్ ఆడే బస్తీ అది. ఇంకాస్త ముందుకు పోతే చాంద్రాయణగుట్ట, ఆపైన పాతబస్తీ, మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన సిటీ కాలేజీ. నది దాటితే చాదర్‌ఘాట్, కాచిగూడ. రహీం సాబ్ చదువు, ఉద్యోగం, ఆట చాలావరకు ఈ కొద్ది మైళ్ల లోపలే సాగాయి. విమానాశ్రయం, ఔటర్ రింగ్ రోడ్డు ఊహలో కూడా లేని రోజులవి. ఈ దక్షిణపు దారి వెంట అప్పుడు పొలాలు, రాళ్లగుట్టలే ఉండేవి. ఆట మాత్రం ఉంది.

విద్యార్థి, ఉపాధ్యాయుడు

రహీం సాబ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఏ చదివారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఆ విశ్వవిద్యాలయం అప్పటికి ఇంకా కొత్తదే. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆయన ఆడారు. ఆ తర్వాత సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఆడే ‘ఎలెవన్ హంటర్స్’ జట్టులో, ఆపైన స్థానిక లీగులో పేరున్న ఖమర్ క్లబ్బులో ఆడారు. బంతి మీద అదుపు, పాస్‌లో చక్కదనం ఉన్న ఆటగాడు. అయితే ఆటగాడిగా ఆయన పేరు నగరం పొలిమేర దాటి పెద్దగా పోలేదు. ఆయనకు అబ్బింది మైదానం పక్కన నిలబడి ఆటను చదవడం.

బతుకుతెరువు బడి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆయన పాఠాలు చెప్పారు. కొంతకాలం తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. పెద్ద క్లబ్బులో ఆడి, వయసు మళ్లాక అదే క్లబ్బులో కోచ్‌గా కుదురుకోవడం ఆనాటి కలకత్తా, బొంబాయి మైదానాల్లో మామూలు. రహీం సాబ్ ఆ దారిన రాలేదు. నలభై మంది పిల్లలున్న తరగతిలో వెనక బెంచీవాడికి ఎలా చెబితే ఎక్కుతుందో ఏళ్ల తరబడి తలపోసిన మనిషి కోచ్ అయ్యారు. ఆయన పని ఎందుకు ఫలించిందంటే నా జవాబు ఇదే. ఆయన వ్యూహాల గురించి చాలామంది రాశారు. బడి గురించి రాసినవారు తక్కువ.

1940లలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. లీగు పోటీల కాగితం పని, రిఫరీల ఏర్పాటు, మైదానాల కోసం తిరగడం, తగవులు తీర్చడం అన్నీ ఆ పదవిలోనివే. నగరంలో ఏ గల్లీలో ఏ కుర్రాడు బాగా ఆడుతున్నాడో ఆయనకు తెలియడానికి ఆ తిరుగుడే కారణం.

పోలీసు జట్టు

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ సికింద్రాబాద్ కంటోన్మెంటు ద్వారా వచ్చింది. బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ చుట్టూ బ్రిటిష్ పల్టన్లు ఆడుతుంటే చూసి, సైన్యంలో పనిచేసే కుటుంబాల పిల్లలు నేర్చుకున్నారు. ఇటు నిజాం నగరంలో కాలేజీలు, బస్తీ క్లబ్బులు దాన్ని అందుకున్నాయి. తెలుగు, ఉర్దూ, తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే జట్టులో ఆడడం ఇక్కడ వింత కాదు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. మరో రెండేళ్లకు, 1950లో, రహీం సాబ్ సిటీ పోలీసు జట్టు పగ్గాలు చేపట్టారు. అప్పటికి ఆయన వయసు నలభై. పోలీసు శాఖ ఆటగాళ్లకు కొలువు ఇచ్చేది. నెల జీతం, ఉండడానికి నీడ, రోజూ పొద్దున మైదానం దొరికేవి. పేదింటి కుర్రాడికి ఆ మూడూ కలిసి దొరకడం అరుదు. అందుకే పోలీసు లైనులో జట్టు ఏళ్ల తరబడి చెదరకుండా నిలిచింది. అంత నిలకడైన జట్టు దొరకడం కోచ్‌గా ఆయన అదృష్టం. దాన్ని ఒక్క రోజూ వృథా చేయలేదు.

ఆ ఏడాదే బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచారు. 1951, 1952, 1953, 1954లోనూ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. వరసగా ఐదేళ్లు. పదేళ్ల విరామం తర్వాత 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైన డ్యూరండ్ కప్‌ను కూడా, ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించి, హైదరాబాద్ పోలీసులే ఎత్తుకెళ్లారు. 1954లో, 1957లో మళ్లీ గెలిచారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది. ఆ పేరుతో 1961 డ్యూరండ్ ఫైనల్‌లో మరోసారి మోహన్ బగాన్ మీద 1-0తో నెగ్గింది. రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో వరసగా రెండుసార్లు హైదరాబాద్ గెలుచుకుంది. రెండుసార్లూ ఫైనల్‌లో ఎదురుపడింది బొంబాయే.

కలకత్తా అంటేనే ఫుట్‌బాల్ అనుకునే రోజుల్లో దక్కను నుంచి ఒక పోలీసు జట్టు వచ్చి ఇలా కప్పులు పట్టుకుపోవడం దేశాన్ని ఆశ్చర్యపరిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ లాంటివారు ఈ జట్టులో ఆడి దేశానికి ఆడినవారే.

ఆయన నేర్పిన తీరు

రహీం సాబ్ శిక్షణలో అందరూ ముందు చెప్పుకునేది ఆయన పెట్టిన వింత పోటీలు. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు నడిపారు. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి అందించాలి, తానే తిప్పుకుంటూ పోకూడదు. బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు కూడా పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తప్ప తన్నకూడదు. పొట్టి కుర్రాళ్ల కోసం ఎత్తు పరిమితి పెట్టి వేరే పోటీలు జరిపారు.

ఇవి ఆటవిడుపులు కావు, అభ్యాసాలు. బడిలో చేతిరాత బాగాలేని పిల్లవాడిని కోప్పడితే రాత బాగుపడదు, కాపీ పుస్తకం ఇచ్చి రోజూ రాయిస్తే బాగుపడుతుంది. ఎడమకాలు వాడవేమని అరిచే కోచ్‌లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. ఎడమకాలు వాడితే తప్ప గెలవలేని పోటీని తయారుచేసి, కప్పు ఆశ చూపి, కుర్రాడి చేత తనకు తానే నేర్చుకునేలా చేసినవారు రహీం సాబ్. నియమం మారిస్తే బుద్ధి మారుతుందన్న ఎరుక అందులో ఉంది. డ్రిబ్లింగ్ లేని పోటీ ఆడినవాడికి బంతి రాకముందే తల ఎత్తి చూడడం అలవాటవుతుంది, ఎవరు ఖాళీగా ఉన్నారో ముందే తెలుసుకోవాలి కనుక. హైదరాబాద్ ఆట అంటే చిన్న పాస్‌లు, నేల మీద బంతి, వేగంగా చోటు మార్చడం అని పేరు రావడానికి మూలం ఇక్కడుంది. పొట్టివాళ్ల పోటీ వెనక కూడా ఇదే కరుణ, ఇదే లెక్క. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడిదే పైచేయి అయ్యే వయసులో చురుకైన చిన్న కుర్రాడు నిరాశపడి ఆట మానేస్తే, ఆ నష్టం రేపటి జట్టుది.

అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం సంగతి ఈ సందర్భంలోనే చెప్పాలి. 1936లో పుట్టిన బలరాంది పేద తమిళ కుటుంబం. అతని ఆట చూసి రహీం సాబ్ నగరానికి వచ్చి సాధన చేయమన్నారు. రానుపోను ఖర్చులకు డబ్బు లేదన్నాడు బలరాం. అద్దె సైకిలు కోసం రోజుకో రూపాయి రహీం సాబే ఇచ్చారని బలరాం తర్వాతి కాలంలో గుర్తుచేసుకునేవారు. ఆ రోజుల్లో రోజుకో రూపాయి చిన్న మొత్తం కాదు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు ఇరవై ఏళ్లకే మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు.

వ్యూహంలోనూ ఆయన తోటివారికంటే ముందున్నారు. మనవాళ్లు అప్పటిదాకా ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లతో పాత బ్రిటిష్ పద్ధతిలో ఆడేవారు. ఆయన మూడో బ్యాక్‌ను తెచ్చారు. 1950లలో హంగరీ జట్టు సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి దించి ప్రత్యర్థి డిఫెన్స్‌ను తికమకపెట్టింది. ఆ ఎత్తును 1956లో భారత జట్టుకు నేర్పారు. 1960 రోమ్ ఒలింపిక్స్, 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, నలుగురు ఫార్వర్డ్‌ల 4-2-4 పద్ధతికి మళ్లించారు. బ్రెజిల్ కంటే ముందే ఆయన దీన్ని కనిపెట్టారని అభిమానులు అంటుంటారు. అంత దూరం పోనక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కడ ఏం మారుతోందో గమనించి, అది తన ఆటగాళ్లకు సరిపోయేలా కత్తిరించి కుట్టడమే ఆయన ప్రతిభ. విదేశీ ఆటలు టీవీలో చూసే వీలు లేని కాలంలో అది తక్కువ పని కాదు.

ఢిల్లీ నుంచి హెల్సింకీ దాకా

1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. శైలేన్ మన్నా కెప్టెన్. భారత్ ఇండోనేషియాను 3-0తో, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తో ఓడించింది. మార్చి 10న ఫైనల్‌లో సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోల్‌తో ఇరాన్ మీద నెగ్గింది. ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచిన జట్టు అది.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతోనే ఆడారు. ఎండిన నేల మీద వట్టికాలికి బంతి చెప్పినట్టు వింటుంది. చలి, తడి ఉన్న ఉత్తరాది పచ్చిక మీద అదే కాలు జారుతుంది, బూటు వేసుకున్నవాడి ఎదురుదెబ్బకు వెనక్కి తగ్గుతుంది. ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. వట్టికాళ్ల ఆటను గొప్ప శౌర్యంగా చెప్పుకునే అలవాటు మనకు ఇప్పటికీ ఉంది. ఆ ఆట చూసి అభిమానపడ్డవారిని తప్పుపట్టలేం గానీ, కుర్రాళ్ల కాళ్లకు బూట్లు తొడిగించి మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చిన కోచ్‌కు అందులో శౌర్యం కనిపించి ఉండదు.

1952 నుంచి 1955 వరకు భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్‌ల మధ్య నాలుగుసార్లు జరిగిన చతుర్భుజ టోర్నమెంటు కొలంబో కప్. తొలిసారి పాకిస్తాన్‌తో కలిసి, ఆపై మూడుసార్లు ఒంటరిగా భారత్ గెలిచింది.

మెల్బోర్న్, 1956

మెల్బోర్న్‌కు వెళ్లిన జట్టుకు కెప్టెన్ సమర్ ‘బద్రు’ బెనర్జీ. అందులో హైదరాబాద్ మైదానాల్లో పెరిగినవారు ఎందరో. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అబ్దుల్ లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం అందరూ ఇక్కడివారే. హైదరాబాద్‌లోనే పుట్టిన పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా ఉన్నాడు. ఒక్క నగరం ఒలింపిక్ జట్టుకు ఇంతమందిని ఇవ్వడం వెనక పోలీసు లైను, బస్తీ లీగు, బడి పోటీలు అన్నీ ఉన్నాయి.

తొలి మ్యాచ్ ఆడాల్సిన హంగరీ, సోవియట్ దళాలు తమ దేశంలో అడుగుపెట్టిన కల్లోలంలో తప్పుకుంది. డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాతో క్వార్టర్ ఫైనల్. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సహచరుడు కిట్టు నాలుగో గోల్ చేశాడు. 4-2తో గెలిచి భారత్ సెమీఫైనల్ చేరింది. అప్పటివరకు ఏ ఆసియా జట్టూ ఒలింపిక్ సెమీఫైనల్ ఆడలేదు.

సెమీఫైనల్‌లో ఎదురుగా మళ్లీ యుగోస్లావియా. హాఫ్ టైమ్ దాకా గోల్ లేదు. తర్వాత మొదటి గోల్ కొట్టింది భారత్, మళ్లీ డిసౌజాయే. కొన్ని నిమిషాల పాటు ఒలింపిక్ ఫైనల్ మన కళ్ల ముందు నిలిచింది. ఆపైన యుగోస్లావియా తేరుకుని 4-1తో నెగ్గింది. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో ఓడించింది. పతకం రాలేదు.

ఈ ఫలితాన్ని నాలుగో స్థానం అని ఒక్కమాటలో చెప్పి వదిలేయడం అన్యాయం. నాలుగేళ్ల కిందట పది గోల్స్ వేసిన దేశం మీదే మనవాళ్లు ముందంజలో నిలిచారు. అది రెండు ఒలింపిక్స్‌లోనూ రజతం గెలిచిన జట్టు. 10-1 నుంచి 4-1కు మధ్య ఉన్న దూరమే ఆ నాలుగేళ్ల శిక్షణకు కొలత.

1960 రోమ్‌లో పతకాల పట్టికలో చోటు లేదు గానీ ఆట తగ్గలేదు. పీకే బెనర్జీ నాయకత్వంలో భారత్, చివరకు కాంస్యం గెలిచిన హంగరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడింది. భారత్ చేసిన ఆ ఒక్క గోల్ బలరాంది. ఫ్రాన్స్‌తో ముందు ఆధిక్యం సాధించి 1-1తో సమం చేసింది. పెరూ చేతిలో 3-1తో ఓడి గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది. రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఆ జట్టు సభ్యుడు.

జకార్తా, 1962

నాలుగో ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. మనిషి చిక్కిపోయారు, దగ్గు వదలడం లేదు. అయినా చుని గోస్వామి నాయకత్వంలోని జట్టును వెంటపెట్టుకుని జకార్తా వెళ్లారు.

మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో గెలిచారు. ఆ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఇక కుట్లు పడ్డ జర్నైల్‌ను ఏం చేయాలి? డిఫెన్స్‌లో ఆడిస్తే గాలిలో వచ్చే బంతులకు రోజంతా తల అడ్డుపెట్టాలి. పక్కన పెడితే జట్టులో అంతటి మొండివాడు మరొకడు లేడు. రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దేశంలోకెల్లా గట్టి డిఫెండర్‌ను దాడికి వాడడం బయటివారికి వెర్రిగా కనిపించి ఉండాలి. కానీ జర్నైల్ విద్యార్థి రోజుల్లో ఫార్వర్డ్‌గా కూడా ఆడినవాడు, దేహబలంతో ప్రత్యర్థి బ్యాక్‌లను కదలనివ్వని మనిషి. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు ఒక గోల్ అతనిది, రెండు చునివి.

మైదానం బయట పరిస్థితి ఇంకా గడ్డుగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారతీయుడైన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడు జీడీ సోంధీ తప్పుపట్టారు. దానితో జకార్తా జనం భారత్ మీద భగ్గుమన్నారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. భారత ఆటగాళ్లు బయట తిరగాలంటే జంకాల్సిన రోజులు.

ఫైనల్ ముందు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లను కూర్చోబెట్టి మాట్లాడారు. రేపు స్వర్ణం గెలిచి తనకు కానుకగా ఇమ్మని అడిగారని పీకే బెనర్జీ మొదలైనవారు జీవితాంతం చెప్పుకున్నారు. ఆయన ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు.

1962 సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో లక్షమంది దాకా జనం. మన జాతీయగీతం వినపడనంత గోల. భారత్ వైపు గొంతెత్తినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని ఆనాటివారు చెబుతారు. ఫ్లూ నుంచి ఇంకా పూర్తిగా కోలుకోని తంగరాజ్‌నే రహీం సాబ్ గోల్‌లో నిలబెట్టారు. అంతకుముందు మ్యాచ్‌లలో ప్రద్యోత్ బర్మన్ బాగానే కాపాడాడు. కానీ కొరియన్ల ఎత్తు బంతులకు తంగరాజ్ పొడవు కావాలని కోచ్ లెక్క. గ్రూపు దశలో తమను ఓడించిన కొరియా మీద పదిహేడో నిమిషంలో పీకే, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ గోల్స్ చేశారు. చివరి నిమిషాల్లో కొరియా ఒకటి తిరిగిచ్చింది. 2-1.

ఆ జట్టులో హైదరాబాద్‌కు చెందిన యూసుఫ్ ఖాన్, బలరాం, అఫ్జల్, తంగరాజ్ ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు మళ్లీ రాలేదు.

చివరి నెలలు, ఆ తర్వాత

జకార్తా నుంచి తిరిగొచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ మరణించారు. వయసు యాభై మూడు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం ఆయన పోయాక ఎప్పటికో, 1985లో మొదలైంది. ఆయనకు ప్రభుత్వ గౌరవం పెద్దగా దక్కకపోవడం తెలుగు రాష్ట్రాలవాళ్లం సిగ్గుపడాల్సిన సంగతి.

ఆయన శిష్యుల్లో పలువురు కోచ్‌లయ్యారు. పీకే బెనర్జీ 1970లలో ఈస్ట్ బెంగాల్‌నూ మోహన్ బగాన్‌నూ విజయాల బాట పట్టించారు. ఆటకు ముందు మాటలతో కుర్రాళ్లలో ధైర్యం నూరిపోయడంలో పీకేకు పేరు. ఆ విద్య ఎవరి దగ్గర అబ్బిందో వేరే చెప్పక్కర్లేదు. కుమారుడు హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేసి, ఫిఫా రిఫరీగా, కోచ్‌గా సేవలందించి 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. హైదరాబాద్‌లోనే పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. ఆ తర్వాత కోచ్‌గా 1990లో ద్రోణాచార్య పొందారు. ఆ కాంస్య జట్టులోని మరో హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద ఈడెన్ గార్డెన్స్‌లో గోల్ కొట్టాడు. ఇంకో హైదరాబాదీ షబ్బీర్ అలీ కోచ్‌గా సాల్గావ్‌కర్ క్లబ్బుకు 1998-99 జాతీయ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టారు.

రహీం సాబ్ తర్వాత కూడా కొంతకాలం ఊపు సాగింది. 1965-66 సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచింది. కానీ మంచి ఆటగాళ్లు అప్పటికే కలకత్తా క్లబ్బుల పిలుపుకు వెళ్లిపోతున్నారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. నయీం, హబీబ్‌లదీ అదే దారి. అక్కడ ఎక్కువ డబ్బు, నిండు మైదానాలు. బడి నుంచి బస్తీ క్లబ్బుకు, క్లబ్బు నుంచి పోలీసు జట్టుకు ఎక్కే మెట్లలో మొదటి మెట్టును పట్టించుకునే మనిషి లేకపోవడమే అసలు నష్టమని నా నమ్మకం. పెద్ద జట్టుకు కోచ్‌ను ఎవరైనా నియమించగలరు. బలహీనమైన కాలితో ఆడే పోటీలు పెట్టి, వాటి వెంట తిరిగే బడిపంతులు మళ్లీ దొరకలేదు.

ఈ శతాబ్దంలో ఆట మళ్లీ నగరం అంచుల్లో కనిపిస్తోంది. గచ్చిబౌలిలో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ, స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షణలో 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. రావిర్యాల నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ దాటి పడమరకు వెళ్తే, మొయినాబాద్ దారిలో అజీజ్‌నగర్ దగ్గర శ్రీనిధి దక్కన్ క్లబ్బు మైదానం ఉంది. ఆ క్లబ్బు ఐ-లీగ్‌లో 2022-23, 2023-24లలో వరసగా రెండో స్థానంలో నిలిచింది. అకాడమీలు, పచ్చిక, దీపాలు అన్నీ అమరాయి.

రహీం సాబ్ జీవితం ఆధారంగా అమిత్ శర్మ తీసిన హిందీ చిత్రం ‘మైదాన్’ 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. రహీం సాబ్‌గా అజయ్ దేవగణ్ నటించారు. పీకే బెనర్జీ, చుని గోస్వామి 2020లో, హకీం 2021 ఆగస్టులో వెళ్లిపోయారు. రోజుకో రూపాయి సైకిలు అద్దె తీసుకుని అమ్ముగూడ నుంచి నగరానికి తొక్కిన బలరాం, సినిమా రావడానికి పద్నాలుగు నెలల ముందు, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.